‘వేలు పోతున్నాయి’ అంటే చెయ్యి పట్టుకున్న నాయన

ప్రశ్న: మేడమ్, మాది ప్రకాశం జిల్లా కొండపి దగ్గర పల్లె. మా నాయనకు అరవై రెండేళ్లు, పొగాకు రైతు. ఎనిమిది నెలల కింద పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. మాట కూడబలుక్కుని రెండు మూడు ముక్కలు వస్తాయి. మనం చెప్పేది అర్థమవుతుందనే అనుకున్నాం. ఈ మధ్య రెండు సంగతులు జరిగాయి. ఒకరోజు ఫిజియోథెరపీ అబ్బాయి అరగంట సేపు ఆయన చేతి వేళ్లకు కసరత్తు చేయించి వెళ్లాడు. ఆ అబ్బాయి గడప దాటగానే నేను, ‘నెలకి వేలు పోతున్నాయి నాయనా’ అన్నా. నాయన గాభరాగా పడిపోయిన కుడిచేతి వేళ్లను ఎడం చేత్తో గట్టిగా పట్టుకున్నాడు. ఇంకోరోజు సాయంత్రం అమ్మ పాల క్యాను తీసుకుని కేంద్రానికి బయల్దేరుతుంటే మా అన్నలిద్దరూ వచ్చి, ‘మా పాలు మాకు పంచియ్యి’ అని పొలం సంగతి ఎత్తారు. నాయన క్యాను వైపు చెయ్యి చూపించి ‘పొయ్యి, పొయ్యి’ అన్నాడు. పెద్దన్న నవ్వాడు. చిన్నన్న నాటకాలాడుతున్నాడని కేకలేశాడు. మర్నాడు పొద్దున అమ్మ తీరిగ్గా పక్కన కూర్చుని, ‘పొలం పాళ్లు పంచమంటున్నారయ్యా పిల్లోళ్లు’ అంటే మూడు వేళ్లు చూపించాడు. అన్నలు ఇద్దరే. అందుకని మతి పోయిందనే అంటున్నారు. అమ్మకి కూడా ఇది మతి పోవడమా, మొండితనమా అని అనుమానం. మా మేనత్తకీ పక్షవాతం వచ్చింది గానీ ఆమెకి పడింది ఎడమ పక్క, మాట గడగడా వస్తుంది. కానీ ‘డాక్టర్లు చేతులెత్తేశారంట’ అని ఎవరి గురించో చెబితే ‘ఎందుకెత్తారు?’ అని అడిగింది. ఇద్దరిదీ ఒకటే జబ్బా? మేం ఏం చెయ్యాలి?

సమాధానం: అమ్మా, ముందు మీ అమ్మగారి అనుమానానికీ, చిన్నన్న కోపానికీ జవాబు చెబుతాను. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ నాయనకు మతి పోలేదు. నాటకమూ ఆడటం లేదు. ‘వేలు’ అంటే ఏందో, ‘పాలు’ అంటే ఏందో ఆయనకు తెలుసు. రెండర్థాలూ తెలుసు. ఆ రెండిట్లో ఇప్పుడు ఏది పనికొస్తుందో ఏరుకునే పని నెమ్మదించింది. దానికి సాక్ష్యం మీ ఉత్తరంలోనే ఉంది. ఫిజియోథెరపీ అబ్బాయి అప్పుడే వెళ్లాడని, అమ్మ చేతిలో పాల క్యాను ఉందని మీరు మామూలుగా రాసేశారు. నాకు ముఖ్యమైనవి ఆ రెండు ముక్కలే.

మా నెల్లూరు జిల్లాలో ఒక ఊరి పేరే తీసుకోండి, కావలి. ‘రాత్రికి కావలి పోవాల’ అని ఒకాయన అన్నాడనుకోండి. చేతిలో బ్యాగు ఉంటే బస్సెక్కి కావలి పోతున్నాడు. భుజాన దుప్పటి, చేతిలో టార్చిలైటు ఉంటే చేనికి కావలి పోతున్నాడు, పందులు పడకుండా. మీరు ఎప్పుడూ తికమక పడరు. రెండో అర్థం ఉందన్న సంగతే తట్టదు. తట్టదు అని మనం అనుకుంటాం గానీ, మెదడుకి తడుతుంది. 1979లో అమెరికాలో డేవిడ్ స్విన్నీ అనే ఆయన దీన్ని పట్టుకున్నాడు. ఇంగ్లీషులో ‘బగ్’ అంటే పురుగు, దొంగచాటుగా మాటలు వినే యంత్రం కూడా. గదిలో సాలీళ్లు, బొద్దింకలు ఉన్నాయని ముందే చెప్పి ఆ మాట వినిపించినా, విన్న క్షణంలో రెండర్థాలూ లేచి కూర్చుంటాయి. ఇంకో మూడు అక్షరాలు వినేలోపు అక్కర్లేనిది పడుకుంటుంది. మనకు తెలిసేది మిగిలిన ఒక్కటే. రోజంతా మాట్లాడే ప్రతి రెండర్థాల మాటకీ లోపల ఈ జల్లెడ పడుతూనే ఉంటుంది.

మీ నాయనకు చిల్లు పడింది ఆ జల్లెడకే. కుడిచేతి వాటం ఉన్నవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా భాష ఎడమ మెదడులో ఉంటుంది. ఎడమ మెదడు శరీరం కుడిపక్కను నడుపుతుంది కాబట్టి, కుడి చెయ్యి పడిపోయి మాట కూడబలుక్కుంటున్నాడంటే దెబ్బ ఎడమవైపు, ముందుభాగంలో తగిలిందని అర్థం. మెదడు దెబ్బతిని మాట, భాష తడబడే ఈ జబ్బును అఫేసియా అంటారు. మాట బయటికి రావడమే కష్టం, వినడం బాగానే ఉంది అని చాలామంది డాక్టర్లు కూడా ఇంటివాళ్లకు చెప్పి పంపిస్తారు. సగం నిజం అది. 1998లో తమారా స్వాబ్, కాలిన్ బ్రౌన్, పీటర్ హాగూర్ట్ నెదర్లాండ్స్‌లో సరిగ్గా ఇలాంటివాళ్ల తలకు తీగలు తగిలించి, చివర రెండర్థాల మాట వచ్చే వాక్యాలు వినిపించారు. మామూలు వాళ్ల మెదడు సెకనులో పదోవంతులోనే అక్కర్లేని అర్థాన్ని పక్కన పెట్టేసింది. రోగుల మెదడులో అప్పటికి రెండూ లేచే ఉన్నాయి. కానీ సెకనుంబావు ఆగి చూస్తే వాళ్లు కూడా సరైన అర్థమే ఎంచుకున్నారు. సెకనుంబావు ఎక్కువ కాదనిపిస్తుంది. మనం మాట్లాడే వేగానికి ఆ సెకనుంబావులో ఇంకో నాలుగు మాటలు వచ్చి మీద పడతాయి. ముందు మాట తేలకముందే వెనక మాట నెత్తినెక్కుతుంది.

ఇప్పుడు మీ ‘వేలు’ సంగతి. అరగంట నుంచి ఆ అబ్బాయి ‘వేలు చాపు, వేలు మడువు, ఈ వేలు పట్టు’ అంటున్నాడు. చేతి వేలు అన్న అర్థం ఆయన మెదడులో బాగా వేడెక్కి ఉంది. అది చల్లారకముందే మీరు ‘వేలు పోతున్నాయి’ అన్నారు. మన తెలుగులో ఒక చిన్న ఆధారం ఉంది చూడండి. చేతి వేలు ఒకటైతే ‘వేలు పోతుంది’ అంటాం, ఎక్కువైతే ‘వేళ్లు పోతున్నాయి’ అంటాం. ‘వేలు’ పక్కన ‘పోతున్నాయి’ వచ్చిందంటే అది డబ్బే. ఆ తోక మనకు చెప్పేస్తుంది. కానీ ఈ రకం అఫేసియాలో ముందు దెబ్బతినేది మాటల తోకలు పట్టుకోవడమే. మొదటి ముక్క విన్నాడు, ‘పోవడం’ విన్నాడు, ‘తున్నాయి’ జారిపోయింది. ఎనిమిది నెలలుగా పడిపోయిన చెయ్యి. కూతురు ‘పోతోంది’ అంటోంది. ఆయన గట్టిగా పట్టుకోక ఏం చేస్తాడు?

‘పాలు’ కూడా అంతే. రోజూ ఆ వేళకు ఇంట్లో పాలే మాట. క్యాను కళ్లెదుట ఉంది. కొడుకులిద్దరూ నిలబడి, ఒకరి తర్వాత ఒకరు, బహుశా గొంతు పెంచి అడిగారు. పొలం అన్న మాట ముందు రాలేదు, ‘పాలు’ ముందు వచ్చింది. మర్నాడు మీ అమ్మ ఏం చేసిందో గమనించారా? పొలంతో మొదలుపెట్టింది. పైగా ‘పాళ్లు’ అంది, ఆ మాటలో గేదె లేదు. తీరిగ్గా చెప్పింది. అందుకే అందింది. ఇంగ్లండులో 2010లో అచ్చయిన ఒక పరిశోధన ఇదే చెప్పింది. పక్షవాతం తర్వాత అర్థాలు తడబడేవాళ్లకు ముందుగా సరైన ఊతమిచ్చే వాక్యం వినిపిస్తే, తక్కువ వాడుకలో ఉన్న అర్థం కూడా అందుకున్నారు. తప్పుదారి పట్టించే వాక్యం వినిపిస్తే అందవలసింది కూడా జారింది. మీ ఇంట్లో సాయంత్రం జరిగింది రెండోది, పొద్దున జరిగింది మొదటిది. ఒకపూట అర్థమై ఇంకోపూట కాకపోవడం నాటకానికి గుర్తని చిన్నన్న అనుకుంటున్నాడు. ఈ జబ్బు గుర్తే అది.

మేనత్తది వేరే కథ. ఎడమపక్క పడిందంటే దెబ్బ కుడి మెదడుకి. మాటలు, వ్యాకరణం ఎడమవైపు క్షేమంగా ఉన్నాయి కాబట్టి గడగడా మాట్లాడుతుంది. పోయింది మాట వెనక ఉన్న మాట. 1977లో ఎలెన్ విన్నర్, హోవర్డ్ గార్డ్‌నర్ అమెరికాలో ఒక పరీక్ష పెట్టారు. ‘గుండె బరువెక్కింది’ లాంటి మాట చెప్పి బొమ్మలు చూపించారు. ఒకదాంట్లో మనిషి ఏడుస్తుంటాడు, ఇంకోదాంట్లో పెద్ద గుండెకాయను మోయలేక మోస్తుంటాడు. మీ నాయన లాంటివాళ్లు ఏడుపు బొమ్మ చూపించి, గుండె మోసేవాణ్ణి చూసి నవ్వారు. మేనత్త లాంటివాళ్లు చాలాసార్లు గుండె మోసేవాణ్ణే చూపించారు, నవ్వు కూడా రాలేదు. విచిత్రమేమంటే ఆ మాటకు అర్థం చెప్పమంటే నోటితో సరిగానే చెప్పారు. కాబట్టి మీ అత్త దగ్గర ‘చేతులెత్తేశారు’, ‘నోరు పారేసుకుంది’, ‘కడుపు మండింది’ లాంటివి తగ్గించి, ఉన్నదున్నట్టు చెప్పండి. ఎకసెక్కాలు ఆడొద్దు, ఆమె నిజమనుకుని బాధపడుతుంది. ఆమె మాట బాగుంది కదా అని ఇంట్లో ఆమెకు సాయం అక్కర్లేదనుకుంటారు, నాయనకు మాట లేదు కదా అని తెలివి లేదనుకుంటారు. రెండూ తప్పే.

ఇక అన్నిటికన్నా ముందు ఇంట్లో చెయ్యాల్సిన పని ఒకటుంది. ‘మందు’. మీది పొగాకు ఇల్లు. ఆయన జన్మంతా ‘మందు’ అంటే పురుగుకి కొట్టేది, ఆ తర్వాతే మనిషికి వేసేది. ఏ అర్థం ఎక్కువ వాడాడో అది ముందు లేస్తుంది. ‘నాయనా, అల్మరాలో మందు తీసి వేసుకో’ అని మీరు వంటింట్లోంచి కేకేస్తే, మూలన పురుగుమందు డబ్బా ఉంటే, అది తమాషా కాదు. ఈరోజే ఆ డబ్బాలన్నీ ఇంట్లోంచి తీసి పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర తాళం వెయ్యండి. బిళ్లల్ని ‘బీపీ బిళ్ల’, ‘షుగరు బిళ్ల’ అనండి. ‘మందు’ అన్న మాటే ఆయన దగ్గర కొన్నాళ్లు మానెయ్యండి. నేను ఈ పాఠం నేర్చుకున్నది నవ్వులపాలై. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దాయన్ని ‘పొద్దున మందు వేసుకున్నారా?’ అని అడిగాను. ఆయన ముఖం ఎర్రగా చేసుకుని, ‘లేదు… లేదు… ఇరవై ఏళ్లు’ అన్నాడు. బిళ్లలు మానేసి ఇరవై ఏళ్లయిందేమో అని నాకు టెన్షన్. ఆయన భార్య పక్కన పమిట అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. సారా మానేసి ఇరవై ఏళ్లయిందట పాపం. తప్పు ఆయనది కాదు, ప్రశ్న నాది.

మాట్లాడే తీరు గురించి. ముందు దేని గురించో చెప్పండి, రెండర్థాల మాట తర్వాత రానివ్వండి. ‘వేలు పోతున్నాయి’ కాదు. ‘డబ్బు సంగతి నాయనా’ అని, ఒక నోటు చేతిలో పట్టుకుని, ఆగండి. మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టుకోండి. ఆ తర్వాత ‘నెలకి పదివేల రూపాయలు అవుతోంది’ అనండి. ‘రూపాయలు’ అన్న మాట మింగెయ్యొద్దు. ఒక విషయం నుంచి ఇంకో విషయానికి దూకకండి. కసరత్తు అయ్యాక కాసేపు మంచినీళ్లో టీయో ఇచ్చి, అప్పుడు వేరే మాట ఎత్తండి. టీవీ ఆపండి. ఒక్కరే మాట్లాడండి. గట్టిగా అరవక్కర్లేదు, చెవి కాదు సమస్య. అయినా వయసు అరవై దాటింది కాబట్టి ఒకసారి చెవి పరీక్ష చేయిస్తే ఆ అనుమానం తీరిపోతుంది. ‘అర్థమైందా?’ అని అడగొద్దు. ఎవరైనా తలూపేస్తారు, పరువు కోసం. ఆయన అర్థం చేసుకున్నది చూపించేలా అడగండి. తప్పు అర్థం పట్టుకుంటే అదే మాట పదిసార్లు వల్లించకండి, ఆ తప్పు అర్థమే ఇంకా గట్టిపడుతుంది. మాట మార్చి చెప్పండి.

రోజూ పొద్దున ఒళ్లు తేలిగ్గా ఉన్నప్పుడు పది నిమిషాలు ఒక చిన్న ఆట ఆడించొచ్చు. చెయ్యి బొమ్మ ఒకటి, నోట్ల కట్ట బొమ్మ ఒకటి ముందు పెట్టండి. ‘ఉంగరం… వేలు’ అనండి, చూపించనివ్వండి. అదే అర్థంతో ఇంకో రెండు. కాసేపు ఆగి ‘బ్యాంకు… వేలు’. ముందు ఒకే అర్థం, అలవాటయ్యాక రెండూ కలిపి. తర్వాత ‘పాట’ (రేడియోలో వచ్చేదీ, చీటీలో పాడేదీ), ‘చీటీ’ (నెలనెలా కట్టేదీ, డాక్టరు రాసేదీ). ఆయన బతుకులోంచే మాటలు ఏరండి, బడి పుస్తకంలోంచి కాదు. విసుగు కనిపిస్తే ఆపెయ్యండి. మొదటి కొన్ని నెలల్లో వచ్చినంత వేగంగా ఇప్పుడు మెరుగు రాదు గానీ, ఎనిమిది నెలలకే తలుపు మూసుకుపోదు. ఇంటి ఆట ఒక్కటే చాలదు కూడా. ఒంగోలు ప్రభుత్వ ఆస్పత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగంలో స్పీచ్ థెరపీ గురించి అడగండి. ఆయన ఏ మాటల దగ్గర తడబడ్డాడో, అప్పుడు చుట్టూ ఏం జరుగుతోందో ఒక నోటు పుస్తకంలో రాసి తీసుకెళ్లండి, ఈ ఉత్తరంలో రాసినట్టే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో అఫేసియా వల్ల వచ్చే శాశ్వత మాట, భాష లోపం కూడా వైకల్యం కిందే ఉంది. వైకల్య సర్టిఫికెట్ కోసం సదరం శిబిరానికి వెళ్లినప్పుడు చెయ్యి, కాలు మాత్రమే చూపించి వచ్చెయ్యొద్దు, మాట సంగతి కూడా రాయించండి.

భయపడాల్సింది ఎప్పుడో కూడా చెబుతాను. ఉన్నట్టుండి మూతి వంకర పోయినా, చెయ్యి ఇంకా నీరసించినా, నిన్నటిదాకా అర్థమైనవి ఇవాళ పూర్తిగా అర్థం కాకపోయినా 108కి ఫోన్ చెయ్యండి. గడ్డ కరిగించే ఇంజక్షన్‌కి మొదటి నాలుగున్నర గంటలే గడువు. అలా కాకుండా నెలనెలా కొంచెం కొంచెంగా దిగజారుతూ, పాలు చూపించి ‘ఇదేంది?’ అని అడిగే స్థితి వస్తే అది వేరే జబ్బు, న్యూరాలజిస్టు చూడాలి. మీ నాయన పాలను చూసి పాలనే అన్నాడు, పొయ్యమన్నాడు కూడా.

చివరికి ఆ మూడు వేళ్లు. అన్నలు ఇద్దరే కదా, మూడు చూపించాడు కాబట్టి మతి పోయిందన్నారు. ఉత్తరం రాసిన మీరు మీ నాయనకు ఎన్నో బిడ్డ? ఆ మూడో పాలు మీదో, మీ అమ్మదో, తన కోసం ఉంచుకున్నదో నేను చెప్పలేను. ఆయన్నే అడగాలి. అడగొచ్చు కూడా. మాట తడబడినంత మాత్రాన నిర్ణయం తీసుకునే శక్తి పోయినట్టు కాదు. అలాగని ‘ఊఁ అన్నాడు కదా’ అని ఏ కాగితం మీదా వేలిముద్ర వేయించుకోవద్దు. ఆ ఊఁ దేనికో ముందు తేలాలి. ఒక పొద్దున, పాలవేళ దాటాక, పెద్ద కాగితం మీద పొలం గీయండి. బోరు ఎక్కడుందో, బ్యారన్ ఎక్కడుందో గుర్తులు పెట్టండి. మీ ముగ్గురి ఫోటోలు, అమ్మ ఫోటో, ఆయన ఫోటో వరసగా పెట్టండి. ఎకరానికి ఒక చింతగింజ చొప్పున ఆయన ఎడం చేతిలో పొయ్యండి. ‘పొలం. ఎవరికెంత?’ అని ఒక్కసారి అడిగి ఊరుకోండి. వారం ఆగి ఫోటోల వరస మార్చి మళ్లీ అడగండి. గింజలు రెండుసార్లూ ఒకేలా పడితే అది ఆయన మాటే. అప్పుడు వకీలు, డాక్టరు ఎదురుగా మళ్లీ చేయించొచ్చు. మీ అన్నలిద్దర్నీ పక్కన కూర్చోబెట్టండి, నోరు మాత్రం మెదపొద్దని చెప్పండి. మీరూ ఏ గింజనూ సర్దకండి.